ముప్పై ఒకటో సిగరెట్టు బొమ్మ

ఈ సంగతి రాయక తప్పడం లేదు. ఆయన పోయి ఏడాది కూడా నిండలేదు, అప్పుడే దీన్ని మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. మా మగ్గాల వీధిలో చెప్పేదాంట్లో ఆయన మహా మాయగాడు. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో చెప్పేదాంట్లో ఆయన పిచ్చివాడు. మొన్న జమ్మలమడుగు బస్సులో పక్కన కూర్చున్న ఒకాయన ఇదే కథ నాకే చెప్పాడు. అందులో సిగరెట్టు బొమ్మలు లేనే లేవు, ఒక సబ్బుబిళ్ల ఉంది. నేను దిద్దబోతే, "నువ్వు సూసినావా అప్పా?" అని అడిగాడు. చూశాను. ఉడుకునీళ్ల కుండ పక్కనే నిలబడి చూశాను. జరిగిన సంగతులు నోటినుంచి నోటికి పోతూ చెడిపోతాయని మా పఠనాలయంలో ఒకటికి రెండు పుస్తకాల్లో చదివాను గానీ, ఇంత తొందరగా చెడిపోతాయని ఏ పుస్తకంలోనూ లేదు.

ఆయన పేరు రాయడం లేదు. మా వీధిలో అదే పేరున్నవాళ్లు నలుగురు. మిగిలిన ముగ్గురూ బతికే ఉన్నారు. ముగ్గురూ విడివిడిగా మా ఇంటికి వచ్చి, పేరు రాస్తే ఊరుకునేది లేదని చెప్పిపోయారు. నేను ఆయన్ని పెదనాయనా అని పిలిచేవాణ్ణి. వరసకు ఏమీ కాడు. వాళ్ల ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ, అంతే. ఇక్కడా పెదనాయన అనే రాస్తాను.

పెదనాయన నేతగాడు. మనిషి ఎదురుపడితే ముందు ముఖం చూసేవాడు కాడు, గుడ్డ చూసేవాడు. పంచె అంచో కండువా కొసో రెండు వేళ్ల నడుమ పట్టుకుని నలిపి, అప్పుడు తలెత్తి, "బాగుండావా?" అనేవాడు. జమాబందికి వచ్చిన దొరగారి కోటు అంచు కూడా ఒకసారి అలాగే పట్టుకున్నాడని చెబుతారు. నేను చూడలేదు కాబట్టి ఆ సంగతి రాయను.

ఆయన చీరలను ప్రొద్దుటూరు షావుకారు మడత విప్పకుండా తీసుకునేవాడు. మగ్గంతో సంబంధం లేనివాళ్లకు దీని విలువ చెప్పాలి. మడత పెట్టిన చీరలో పైకి కనిపించేది కొంగు, కాస్త అంచు. లోపల నూలు పలచబడిందా, పొడవు జానెడు తగ్గిందా అన్నది విప్పితే గానీ తెలియదు. అందుకని అందరి చీరలూ విప్పుతారు, మూర పెట్టి కొలుస్తారు, వెలుతురుకు పట్టి చూస్తారు. మా వీధిలో ఇద్దరో ముగ్గురో మాత్రం "లోపల సరిగ్గా ఉండాది" అంటే చాలు, షావుకారు చీరను అలాగే తీసి బీరువాలో పెట్టేవాడు. వాళ్లలో పెదనాయన ఒకడు. "నలభై ఏండ్లుగా నా మడత ఎవురూ విప్పలా" అని ఆయన రోజుకు ఒకసారైనా అనేవాడు. కొందరు ఎకరాలు చెప్పుకుంటారు. ఆయన ఇది చెప్పుకునేవాడు.

మొదటి బొమ్మ ముద్దనూరు స్టేషన్లో దొరికింది. మెయిలు ఆగినప్పుడు ఎవరో దొర దిగి, కొత్త సిగరెట్టు పెట్టె చించి, లోపలున్న చిన్న అట్టముక్కను కింద పడేసి, సిగరెట్టు వెలిగించుకుని మళ్లీ బండెక్కాడు. ఆ రోజుల్లో ఖరీదైన సిగరెట్టు పెట్టెల్లో అలాంటి బొమ్మ ఒకటి పెట్టి అమ్మేవారు. రెండు వేళ్ల వెడల్పు, వేలంత పొడవు. ముందు రంగుల బొమ్మ, వెనక ఇంగ్లీషు అక్షరాలు, ఒక అంకె. ఒకటి నుంచి యాభై దాకా. యాభై చేరితే వరస నిండినట్టు.

పెదనాయన సిగరెట్టు తాగడు. చుట్ట వాసన పడదు. ఆయన ఆ అట్టను ఎత్తుకున్నది అందులోని మనిషి చొక్కా కోసం. ఇంటికి తెచ్చి నాకు చూపించి, "ఇంత తెలుపు యాడ నేసినారబ్బీ?" అని అడిగాడు. తెల్ల చొక్కా, తెల్ల ఇజారు, గుబురు గడ్డం, చేతిలో వెడల్పాటి కట్టె. తర్వాత బస్సు నడిపే ఓబులేసు దగ్గర ఇంకో రెండు దొరికాయి. అవీ అంతే, తెల్లబట్టలు, కట్టెలు.

మగ్గాల వీధి మొత్తం ఆ మూడు బొమ్మల్నీ చూసి ఒక నిర్ణయానికి వచ్చింది. వీళ్లు లండనులో రాజుగారి బట్టలుతికే చాకలివాళ్లు. అంత తెల్లని బట్టలు ఇంకెవరికి ఉంటాయి? బట్టలు బాదే కట్టె ఇంకెవరు పట్టుకుంటారు? ఒక బొమ్మలో మనిషి వెనక నేలలో నాటిన మూడు పుల్లలున్నాయి. అవేమిటని నేనడిగితే, "దండెం కట్టేదానికి" అని పెదనాయన భార్య నాగమ్మ ఒక్క క్షణంలో తేల్చేసింది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలుస్తాను.

నాకు మనసొప్పలేదు. బడి నాలుగో తరగతితో ఆగినా, పఠనాలయంలోని నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు నా అంతట నేను నేర్చుకున్నవాణ్ణి. మూడు రోజులు కూర్చుని బొమ్మల వెనకున్న అక్షరాలు విప్పాను. పాత ఇంగ్లీషు పత్రికల కట్టలు తిరగేశాను. అది క్రికెట్ అనే ఆట అని తేలింది. పరుగున వచ్చి చెప్పాను.

"చెండును ఆ కట్టెతో కొడతారు పెదనాయనా."

"కొడితే?"

"పరిగెత్తుతారు."

"ఎవురు తరుముతారు?"

"ఎవరూ తరమరు. వాళ్లంతట వాళ్లే పోయి మళ్లీ అక్కడికే వస్తారు."

పెద్దమ్మ చాట కింద పెట్టి నావైపు జాలిగా చూసింది. "ఆ సదువు కొన్నాళ్లు మానుకో నాయనా. కండ్లకు మంచిది కాదు" అంది.

పెదనాయన మాత్రం నమ్మాడు. నమ్మడమే కాదు, ప్రతి కొత్త బొమ్మనూ నా దగ్గరకు తెచ్చి వెనకున్నది చదివించుకునేవాడు. ఎవరు ఏ ఊళ్లో పుట్టారో, ఎంత గొప్పగా ఆడారో చదివి చెప్పేవాణ్ణి. ప్రతి బొమ్మ వెనకా అడుగున చీమలంత అక్షరాలతో ఒక వాక్యం ఉండేది. అన్నిటి మీదా ఒకటే వాక్యం కాబట్టి కంపెనీవాళ్లు తమ గొప్ప తాము చెప్పుకున్నారనుకుని దాన్ని నేను చదవలేదు. ఈ తప్పు ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

ఇంగ్లీషు పేర్లు ఆయన నోటికి పట్టలేదు. తనే పేర్లు పెట్టుకున్నాడు. గడ్డమాయన, పిల్లికండ్లాయన, అలిగినాయన, ఇజారు వదులాయన. మగ్గం మీద కూర్చుని నాడె అటూ ఇటూ విసురుతూ, వాళ్ల యోగక్షేమాలు మాట్లాడేవాడు. "పన్నెండో నంబరాయనకు కడుపులో బాగలేనట్టుండాది. మొగం సూడు" అనేవాడు.

ఊళ్లో ఈ జబ్బు ఉన్నవాడు ఇంకొకడు దస్తగిరి. బస్సులు ఆగేచోట బీడీలు, సిగరెట్లు, సోడాలు అమ్మే అంగడి అతనిది. పెట్టెలు అతని చేతి మీదుగానే పోతాయి కాబట్టి అతని వరస తొందరగా పెరిగింది. అతను పెదనాయనను మామా అని పిలిచేవాడు. నేతగాళ్లు అమావాస్యనాడు మగ్గం ముట్టరు. అందుకని బొమ్మల మార్పిడి అమావాస్యనాడు మధ్యాహ్నం, దస్తగిరి అంగడి పందిరి కింద. పన్నెండో నంబరుకు రెండు ఏడో నంబర్లు. మూల మడత పడితే రెండుకు మూడు. గడ్డమాయన ఊళ్లో ఎక్కువైపోయి అతనికి విలువ లేకుండా పోయింది. నలుగురు గడ్డమాయనలను ఇస్తానన్నా ఒక పిల్లికండ్లాయన వచ్చేవాడు కాదు. "పాపం, పెద్దమనిషి" అని పెదనాయన ఆ నలుగురినీ తనే ఉంచుకున్నాడు.

పెట్టె చించితే గానీ బొమ్మ రాదు. ఉన్న సిగరెట్లు అయిపోతే గానీ ఎవరూ కొత్త పెట్టె చించరు. కాబట్టి సిగరెట్టు ముట్టని పెదనాయన ఊళ్లో అందరిచేతా సిగరెట్లు తాగించే పనిలో పడ్డాడు. బస్సు ఆగగానే ఓబులేసు పక్కన నిలబడి, "తాగప్పా, ఎంతసేపు పట్టుకుంటావు? ఆరిపోతాది" అనేవాడు. ఓబులేసుకు దగ్గు పట్టుకుని పది రోజులు మానేస్తే, రోజూ పొద్దున్నే చెంబులో మిరియాల కషాయం తీసుకుపోయి తాగించి దగ్గు నయం చేశాడు. నయమైన రోజున తనే కొత్త పెట్టె కొనిపెట్టి, "ఇంక తాగు" అన్నాడు. ఆ పెట్టెలో మళ్లీ గడ్డమాయనే వచ్చాడు.

కొన్నేళ్లలో ఇద్దరికీ నలభై తొమ్మిదేసి అయ్యాయి. ఇద్దరికీ లేనిది ఒకటే, ముప్పై ఒకటి. దాన్ని చూసినవాడు మా ప్రాంతంలో ఓబులేసు ఒక్కడే. కడపలో ఒక పోలీసాయన జేబులో చూశాడట. మీసాలున్నాయని, కట్టె ఎడమచేత్తో పట్టుకున్నాడని చెప్పాడు. అప్పటినుంచి ముప్పై ఒకటికి ఎడమచేతాయన అని పేరు.

"కంపెనీవాడు హుషారు మనిషి మామా" అనేవాడు దస్తగిరి. "నలభై తొమ్మిది ఊరంతా సల్లుతాడు. ఒకటి దాసిపెట్టుకుంటాడు. ఆ ఒక్కదాని కోసరం మనోళ్లు దగ్గుకుంటా దగ్గుకుంటా తాగల్ల."

పెదనాయన ఒప్పుకునేవాడు కాదు. "కాదప్పా. ఎడమచేతివాటం మనిషి, ఆటకు అందరూ పిలుస్తాంటారు. బొమ్మకు కూసునే తీరిక లేకపోయుంటాది."

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. ఒక అమావాస్యనాడు దస్తగిరి కొత్త పెట్టె చించితే లోపల బొమ్మ లేదు. ఇంకోటి చించాడు, లేదు. కాగితం కరువైందని, బొమ్మలు వేయడం మానేశారని నేను పత్రికలో చదివి చెప్పాను. పెదనాయన ఆ ఖాళీ పెట్టెలోకి చూసి, "వయసోళ్లు గదా. యుద్ధానికి పోయినారేమో" అన్నాడు. ఇక ఉన్నవే ఉన్నవి. పదోవంతు విలువ లేని గడ్డమాయనకు కూడా గౌరవం వచ్చింది. ముప్పై ఒకటి ఇక దొరకదని దస్తగిరి ఆశ వదులుకున్నాడు. పెదనాయన వదులుకోలేదు.

అది దొరికింది నాకే. కడప నుంచి బదిలీ అయిపోతూ ఒక ఇంజనీరు మా పఠనాలయానికి ఒక మూట పుస్తకాలు ఇచ్చిపోయాడు. అందులో చెరువు తూములు కట్టే విధానం గురించిన పుస్తకం ఒకటి. నాకు తూములు కట్టే పని లేదు. అయినా పఠనాలయంలో నేను చదవని పుస్తకం ఉండకూడదని నా పట్టు. మూడో అధ్యాయం మధ్యలో, గుర్తుకోసం పెట్టిన అట్టముక్క కనిపించింది. తెల్ల చొక్కా, మీసాలు, ఎడమచేయి. తిప్పి చూస్తే ముప్పై ఒకటి.

పఠనాలయం చూసుకునే రామలింగయ్య గారికి చూపించి, ఇది పఠనాలయం ఆస్తి అవుతుందా అని అడిగాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "ఈ మీసాలాయనకు తూముతో ఏం పని? తీసకపో. గుర్తుకు ఒక దారప్పోగు పెట్టు" అన్నారు. దారిలో దస్తగిరి అంగడి ఉంది. తల వంచుకుని దాటిపోయాను.

పెదనాయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. నేను అట్టను ఆయన ముందు పెట్టాను. నాడె ఆగింది. చేతులు పంచెకు తుడుచుకుని, దాన్ని అంచుల దగ్గర పట్టుకుని, ముందు చొక్కా చూశాడు. "చెయ్యి కాడ మూడు ముడతలు. సరిగ్గా ఏసినాడు" అన్నాడు. తర్వాత ముఖం చూశాడు. కాసేపటికి వంటింటివైపు తిరిగి, "ఏమే, వచ్చినాడు" అన్నాడు.

"ఎవురు?"

"ఎడమచేతాయన."

"అయితే ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం ఏస్తా" అంది పెద్దమ్మ.

ఇక్కడే జరగాల్సింది జరిగింది. నూలు మగ్గం ఎక్కేముందు పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పెడతారు. గంజి పెట్టని నూలు పీచు లేచి తెగిపోతుంది. పెడితే గట్టిపడి నిగనిగలాడుతుంది. ఆ నలభై తొమ్మిది బొమ్మలూ ఇన్నేళ్ల చేతుల్లో నలిగి మెత్తబడ్డాయి. వాటికి కూడా గంజి పెట్టాలని పెదనాయనకు ఎప్పటినుంచో ఉంది. కానీ సగం పడుగుకు ఏ నేతగాడూ గంజి పెట్టడు. నిండాక ఒక్కసారే పెట్టాలి. అందుకని యాభయ్యోది వచ్చేదాకా ఆగాడు. వచ్చిన మర్నాడు తెల్లవారుజామునే పలచగా గంజి కాచి, కుంచెతో ఒక్కొక్క బొమ్మకు ముందూ వెనకా పూసి, తాడుకు వేలాడదీశాడు. పడుగు ఆరిందో లేదో వేలిచివర తాకి చెప్పగలిగిన మనిషి. తాకి చూసి, ఆరింది అన్నాడు. నూలుకు చాలిన ఆరుదల అట్టకు చాలలేదు. ఒకటి నుంచి యాభై దాకా వరసగా పేర్చి, ఒంకర తీరడానికి పైన వంటింట్లో నూరుకునే సనికల్లు పెట్టాడు.

మర్నాడు సనికల్లు తీస్తే యాభై బొమ్మలు లేవు. ఒకటే ఉంది. బొటనవేలంత మందం, రాయంత గట్టిది. పైన గడ్డమాయన, అడుగున యాభయ్యో నంబరు వెనక అక్షరాలు. కత్తి దూరడానికి కూడా సందు లేదు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. భూతద్దం తెచ్చి అడుగున ఉన్న ఆ చీమ అక్షరాలు చదివాను. వెనకవైపు జిగురు పూసి ఉంది, తడిపి పుస్తకంలో అంటించుకోండి అని రాసి ఉంది.

"ఇన్నేండ్లూ ఈ ముక్క సదవలేదా?" అన్నాడు పెదనాయన.

"అన్నిటి మీదా ఒకటే ఉందని వదిలేశాను."

"అన్నిటి మీదా ఒకటే రాసినారంటే అది ముఖ్యమైన ముక్క గదా నాయనా" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు అమావాస్య. ఆ ముద్దను గుడ్డలో చుట్టుకుని దస్తగిరి అంగడికి పోయాం. దస్తగిరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంది మామా? సబ్బుబిళ్లా?"

"వరస నిండింది. యాభైమందీ ఉండారు."

"యాడ?"

"లోపల."

"ముప్పై ఒకటి?"

"ఆయప్పా ఉండాడు."

దస్తగిరి నవ్వాడు. "లోపల ఉండాడని ఎట్ల నమ్మల్ల? నేను సూడలేదు. ఓబులేసు సూడలేదు."

"నేను సూసినాను" అన్నాను నేను.

"నువ్వు చెండు కొట్టి ఊరికే పరిగెత్తుతారని చెప్పినోడివి" అన్నాడు దస్తగిరి. పందిరి కింద అందరూ నవ్వారు.

"నేను చెప్తాండా గదప్పా" అన్నాడు పెదనాయన.

"మామా, నీ మీద నాకేం లేదు. నలభై తొమ్మిదికి గంజి కొట్టి యాభై అంటే, నేను కూడా ఈ పొద్దే కొడతా. ఇద్దరికీ నిండుతాది."

పెదనాయన ముద్దను గుడ్డలో చుట్టి ఇంటికి వచ్చేశాడు.

ఈ మాటలు అక్కడితో ఆగిపోయుంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు. ఓబులేసు మంచివాడు గానీ రోజుకు రెండుసార్లు ప్రొద్దుటూరు పోయి వస్తాడు. పోయినచోటల్లా సిగరెట్టు వెలిగించి ఈ కథ చెప్పాడు. పదిహేను రోజులకు నేను పెదనాయన వెంట చీరల మూట మోసుకుని షావుకారు అంగడికి పోయాను. ఆయన ఎప్పటిలాగే మూట విప్పి, పై చీర మీద చెయ్యి పెట్టి, "లోపల సరిగ్గా ఉండాది" అన్నాడు.

షావుకారు కూడా ఎప్పటిలాగే నవ్వాడు. "ఏమనుకోవద్దు. సిగరెట్టు బొమ్మల సంగతి ఇన్యాంలే" అని, పక్కనున్న మనిషికి సైగ చేశాడు. ఆ మనిషి చీర మడత విప్పాడు. దులిపాడు. మూర పెట్టి కొలిచాడు. వీధి గుమ్మం దగ్గరకు తీసుకుపోయి వెలుతురుకు పట్టి చూశాడు. అంగట్లో ఇంకో నలుగురు నేతగాళ్లు ఉన్నారు. వాళ్లు వేరేవైపు చూస్తూ కూర్చున్నారు.

చీరలో వేలెడు తేడా లేదు. "సరిగ్గానే ఉండాది" అన్నాడు షావుకారు. పెదనాయన మూటగుడ్డ మడిచి చంకలో పెట్టుకున్నాడు. బస్సులో నా కండువా కొస పట్టుకుని నలుపుతూ కూర్చున్నాడు. మా ఊరి మలుపు దగ్గర, "గంజి పోవల్లంటే ఉడుకునీళ్లే" అన్నాడు.

వద్దని నేను చాలా చెప్పాను. యుద్ధం వచ్చాక ఇవి ఇంక దొరకవని, పట్నాల్లో నిండు వరస కోసం తపించేవాళ్లుంటారని, ముద్దగా ఉన్నా లోపల బొమ్మలు బతికే ఉంటాయని, నీళ్లలో వేస్తే చస్తాయని. పెద్దమ్మ నాకు సాయం వస్తుందనుకున్నాను. ఆమె గోడకు ఆనుకుని విని, "ఆయన మడతే విప్పినారు. ఇంక ఈ అట్టముక్కలకు ఏం అడ్డం?" అని లోపలికి పోయి, ఉన్నవాటిలో పెద్ద కుండ తీసింది.

తర్వాతి అమావాస్య మధ్యాహ్నం. దస్తగిరి అంగడి ముందు మూడు రాళ్ల మీద కుండ. పందిరి కింద పట్టనంత జనం. ఓబులేసు బస్సును ఆపేసి, ప్రయాణికులను కూడా దింపి చూపించాడు. పెదనాయన ముద్దను ఒకసారి దస్తగిరి చేతికిచ్చి, తిరిగి తీసుకుని, చీర జాడించేవాడిలాగా మెల్లగా నీళ్లలోకి దించాడు.

కాసేపటికి కుండలోంచి గంజి వాసన వచ్చింది. ఆ తర్వాత రంగులు వచ్చాయి. మొదట ఆకుపచ్చ, పచ్చికదేమో. తర్వాత ఎరుపు, టోపీలది. ఒక బొమ్మ పైపొర ఇంకోదాని వెనక జిగురుకు అంటుకుని, అన్నీ పొరలు పొరలుగా ఊడి నీళ్లలో కలిసిపోయాయి. పెదనాయన గరిటెతో ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచాడు. తెల్లటి అట్టముక్కలు. ముందు బొమ్మ లేదు, వెనక అక్షరం లేదు. ఒక్క గడ్డమాయన గడ్డం మాత్రం కొంచెం మిగిలింది.

"లెక్కపెట్టు" అన్నాడు పెదనాయన.

దస్తగిరి లెక్కపెట్టాడు. నలభై దాటాక గొంతు తగ్గింది. నలభై తొమ్మిది అని ఆగాడు. చేతిలో ఇంకొకటి ఉంది. దాన్ని రెండు వేళ్లతో నలిపి, అది విడి అట్టో, ఇంకో అట్టలోంచి ఊడిన పొరో చూశాడు. గోరుతో అంచు గీకాడు. నిండు అట్టే.

"యాభై" అన్నాడు.

జనం వెళ్లిపోతారనుకున్నాను. పోలేదు. ఎందుకంటే పెదనాయన మొదటినుంచి మొదలుపెట్టాడు. ఒక్కొక్క తెల్ల అట్టనూ ఎత్తి, అరిగిన మూలలు వేలితో తడిమి, అందులో ఉన్నవాణ్ణి చెప్పాడు. "ఈయప్ప అలిగినాయన. ఈయప్ప ఇజారు వదులాయన, నడుముకు కండువా కట్టుకున్యాడు. ఈయప్పకు కడుపులో బాగలేదు." బస్సు ప్రయాణికులు మెడలు సాచి చూశారు. ఒక ముసలాయన, "పాపం, ఇప్పుడెట్లుండాదో" అన్నాడు. ముప్పై దాటి, తర్వాతి అట్టను కొంచెం ఎక్కువసేపు పట్టుకుని, "ఎడమచేతాయన. చెయ్యి కాడ మూడు ముడతలు" అన్నాడు.

యాభై అయ్యాక దస్తగిరి అంగట్లోకి పోయి తన రేకు డబ్బా తెచ్చాడు. మూత తీసి బల్ల మీద పెట్టాడు. నలభై తొమ్మిది బొమ్మలు, ఒక్క మరక లేదు, ఒక్క మూల మడత లేదు.

"మామా, ఇవన్నీ తీసుకో. నాకు ఆ ముప్పై ఒకటి ఇయ్యి."

"ఉత్త తెల్లట్ట గదప్పా."

"నువ్వు ముప్పై ఒకటి అంటాండావు గదా. సాలు."

పెదనాయన అతని ముఖం వైపు చాలాసేపు చూశాడు. గుడ్డ చూడకుండా ఆయన ఒక మనిషి ముఖం అంతసేపు చూడడం నేను అదొక్కసారే చూశాను. తర్వాత యాభై అట్టలనూ పేర్చి, తడిగుడ్డలో చుట్టి, "ఇయ్యను" అన్నాడు.

దస్తగిరి అంగడి మూసి, అదే బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాడు. షావుకారు గద్దె ముందు నిలబడి, "నేను లెక్కపెట్టినా. యాభై" అని చెప్పి, సోడా కూడా తాగకుండా వెనక్కి వచ్చాడు. ఆ నెల పెదనాయన చీరలు మడత విప్పకుండా బీరువాలోకి పోయాయి. ఆ తర్వాత కూడా, ఆయన కాళ్లు మగ్గం గుంటలోకి దిగినన్నాళ్లూ అలాగే పోయాయి.

ఆయన పోయి కర్మాంతరం అయినాక పెద్దమ్మ ఆ అట్టలను దస్తగిరి అంగడికి తీసుకుపోయింది. నేను వెంట ఉన్నాను. "మీ మామ నీకు ఇయ్యనన్నాడంట. నేనిస్తాండా. నీది ఏదో తీసుకో" అంది.

దస్తగిరి యాభైనీ బల్ల మీద పరిచాడు. ఆయన చివరి జబ్బులో మంచం మీద వాటిని కలిపి, వేళ్లతో మూలలు తడిమి, మళ్లీ వరస పేర్చుకునేవాడు. ఆఖరుసారి కలిపినవి అలాగే ఉండిపోయాయి. దస్తగిరి నావైపు చూశాడు. నాకు తెలియదు. పెద్దమ్మకు తెలియదు. ఏ మూల అరిగితే ఎవరో తెలిసిన చెయ్యి ఒకటే ఉండేది.

దస్తగిరి అన్నిటినీ మళ్లీ ఒకచోట చేర్చాడు. "తప్పు మనిషిని పిలుసుకుంటే ఎట్ల అత్తా? అందరినీ ఈడనే ఉండనీ" అన్నాడు. ఇప్పుడవి అతని అంగట్లో అద్దం వెనక, అతని రంగుల బొమ్మల పక్కన ఉన్నాయి. సోడాకు వచ్చినవాళ్లు అడిగితే తెల్ల అట్టల్ని చూపించి, "అది నిండు వరస" అంటాడు. రంగుల బొమ్మల్ని చూపించి, "ఇది నాది. ఒకటి తక్కువ" అంటాడు.

ఈ రాతకు సాయపడినవాళ్లకు నా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. గోడ అవతలినుంచి నేను మరిచిన ముక్కలన్నీ అందించి, దండెం సంగతిలో మాత్రం ఇప్పటికీ తన మాట మార్చుకోని పెద్దమ్మ నాగమ్మకు. కాగితం దొరకని రోజుల్లో పాత దస్త్రాల వెనకవైపు నాకు రాసుకోవడానికిచ్చిన రామలింగయ్య గారికి. ప్రొద్దుటూరులో చెప్పిన కథలో తాను కలిపింది ఎంతో, చూసింది ఎంతో నిజాయితీగా విడదీసి చెప్పిన ఓబులేసుకు. దస్తగిరికి కూడా. ఇదంతా అతని అంగడి బల్ల మీద కూర్చుని చదివి వినిపించినప్పుడు, అతను ఒక్కచోట నన్ను ఆపాడు.

"ముప్పై ఒకటి నేను ఒక్కసారే అడిగినట్టు రాసినావు. మూడు అమావాస్యలు అడిగినా. మూడు తూర్లూ ఇయ్యనన్నాడు. సరిగ్గా రాయి."

రాశాను.